వెనకపిడీ నడిమిపిడీ

ఏలూరు,
శనివారం మధ్యాహ్నం, వాన వెలిశాక.

అమ్మకి,

ప్రభువు పేరట వందనాలు చెప్పి నీ కొడుకు విశ్వాసం రాస్తున్నది. ఇక్కడ నేనూ, నీ కోడలూ, ప్రీతీ, నువ్వు నాటి వెళ్ళిన బొప్పాయి మొక్కా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, అక్కా, అక్క కొత్త మోకాలూ ఇలాగే ఉండాలని పొద్దున్నే ప్రార్థనలో పెడుతున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఈ కాలంలో ఉత్తరాలేవిటని పోస్టాఫీసులో అమ్మాయి నవ్వుతుంది. ఆవిడకేం తెలుసు! నా గొంతు మైకు లేకుండానే తమ్మిలేరు అవతలి గట్టుకి వినపడుతుంది గాని ఫోనులో నీ చెవికి మాత్రం వినపడదు. అక్క మోకాలికి సాయమని రెండు నెలలకి వెళ్ళావు, అయిదో నెల నడుస్తోంది. నీ కవరు విప్పితే తాడేపల్లిగూడెం మార్కెట్టు ఉల్లిపాయల వాసన వస్తుంది. ఒట్టు వేయకూడదు గనక వేయను గాని, నిజం. చదివాక కూడా కాసేపు మొహం దగ్గర పెట్టుకుని కూచుంటాను.

బొప్పాయి ఆడదో మగదో ఇంకా తేలలేదమ్మా. పూత వస్తే గాని చెప్పదు. నీ కోడలు రోజూ దాని ముందు నిలబడి, "నువ్వెవరో చెప్పవే తల్లీ" అని బతిమాలుతోంది. డ్రిల్లు మిషను కొన్నావా, తుపాకీలాంటిదా రెండోదా అని అడిగావు. కొన్నాను. అదో పెద్ద కథ. ఇక ఉత్తరం అట్టడుగున, నీ సంతకం కింద, పెన్సిలుతో ఒక వరస రాసి, రబ్బరుతో చెరపబోయి సగంలో వదిలేశావు. కిటికీ వెలుతురుకి పెట్టి చదివాను. "మట్టలాదివారం నాడు నీ కుడిచెయ్యి వణకడం చూశాను. చిన్నప్పుడు నీ ఎడంచెయ్యి కట్టేసినందుకేనా?" అని ఉంది.

అమ్మా, వందలమంది ముందు నిలబడి అగ్నిగుండం గురించి అరిచినవాణ్ణి, ఆ పెన్సిలు వరస ముందు నాలుగు రోజులు కలం మూత తీసి మళ్ళీ పెట్టేస్తూ గడిపాను. నా ఎడంచేతి సంగతి మనిద్దరం ఈ నలభైయేళ్ళలో ఒక్కసారీ ఎత్తుకోలేదు. జవాబు చెబుతాను. పారిపోను. కాని తిన్నగా దాని దగ్గరికి వెళ్ళలేను, మిషను దారిన నడిచి రావాలి. నువ్వూ నాతో రా.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. వానలతో దోమలు. ఐగుప్తుకి తెగుళ్ళు పది వచ్చాయి. మన ఏలూరికి ఒక్కటే, అదీ రోజూ సాయంత్రం ఆరింటికి డ్యూటీకి వచ్చినట్టు వస్తుంది. దాని పుణ్యాన నాలుగు మెతుకులు తింటున్నాం గనక దాన్ని శపించడానికి నాకు నోరు రాదు. వట్లూరులో కొత్త అపార్టుమెంటుకి కిటికీలన్నిటికీ దోమల జాలీ బిగించే పని దొరికింది. అయిదంతస్తులు. ఫ్లాట్లకి ఇంకా కరెంటు ఇవ్వలేదు గనక నా పాత వైరు మిషను అక్కడ పనికిరాదు. బ్యాటరీ డ్రిల్లు కొనాల్సి వచ్చింది.

ఈ పని అంటే నాకెందుకిష్టమో ఎవరికీ చెప్పలేదు. కిటికీ గడప మీద ఒక కాలు లోపల, ఒక కాలు బయట సన్‌షేడ్ మీద పెట్టి నిలబడితే ఇటు ఇల్లు, అటు ఆకాశం. వాన వెలిసిన పూట దక్షిణంగా చూస్తే చేపలచెరువుల అవతల ఒక తెల్లటి గీత కనిపిస్తుంది. అది కొల్లేరో, మబ్బో నాకు తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. జాలీ బిగించాక దాంట్లోంచి చూస్తే లోకమంతా చిన్న చిన్న గళ్ళు. కొంగ ఒక గడిలోంచి ఇంకో గడిలోకి దాటుకుంటూ పోతుంది, ఎవరో సూదితో ఒక్కో కుట్టూ వేసుకుంటూ దాన్ని తీసుకెళుతున్నట్టు. అలా ఎంతసేపు చూస్తానో! కింద నుంచి మేస్త్రీ, "అయ్యగారూ, ప్రార్థనాండీ?" అని కేకేస్తాడు. అవునంటాను. అబద్ధం కాదేమో.

సరే, మిషను. పవర్‌పేటలో హిదాయతుల్లాగారి కొట్టు నీకు తెలుసుగా, మన తలుపు గడియ దగ్గర్నుంచి అన్నీ అక్కడివే. ఆయన రెండు మిషన్లు తీసి గాజుబల్ల మీద పక్కపక్కన పెట్టారు. ఒకే కంపెనీ, ఒకే ఆకుపచ్చ రంగు, ఒకే బ్యాటరీ, ఒకే బలం. కవలలు. తేడా అంతా పిడి దగ్గరే. ఒకదానికి పిడి వెనక ఉంటుంది, తుపాకీలాగా. అరచెయ్యి సరిగ్గా కన్నం వేసే బిట్టు వెనక పడుతుంది, భుజం బలమంతా పెట్టి గోడలోకి నెట్టొచ్చు. రెండోదానికి పిడి పొట్టకింద, నడిమిన ఉంటుంది. అటూ ఇటూ బరువు తక్కెడలా సరితూగుతుంది. ముక్కు కిందికి వాలదు, మణికట్టు నొప్పెట్టదు. కాని మొదటిదానంత మొండిగా నెట్టలేం.

"వెనకపిడి కాంక్రీటుకండీ. నడిమిపిడి రోజంతా చేతులెత్తి పనిచేసేవాళ్ళకి," అన్నారాయన. "మీది కిటికీ పని. నన్నడిగితే నడిమిపిడేనండీ."

"వెనకపిడి నాకు అలవాటండీ."

"అయితే అదే తీసుకోండి."

"కాని ఇది చేతికి తేలిగ్గా ఉందండీ."

"అయితే ఇదే తీసుకోండి."

"అలాగంటే ఎలాగండీ!"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "విశ్వాసంగారూ, ప్రతి ఆదివారం మైకులో ఊళ్ళో సగంమందిని ఇటు, సగంమందిని అటు పంపించేస్తారు గదండీ. ఈ రెండు మిషన్ల మధ్య తీర్పు చెప్పలేరేంటండీ?"

కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను గాని లోపల కాలింది. వట్టి చేతుల్తో వచ్చేశాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ వచ్చేశాను. మూడోరోజు ఆయన, "కళ్ళు మూసుకోండి. నేను రెంటినీ అటూ ఇటూ మార్చేస్తాను. చెయ్యి పెట్టండి. ఏది దొరికితే అదండీ మీది," అన్నారు.

కళ్ళు మూసుకున్నాను. చూపు పోయిన ఇస్సాకు మంచం మీద కూచుని కొడుకు చేతులు తడిమినట్టే తడిమాను. ఒకటి వచ్చి చేతిలో కూచుంది. అమ్మా, అది కూచున్న క్షణంలో ఇనుపకొట్టు వాసన పోయింది. కొల్లేట్లో మొలిచే కిక్కిసగడ్డి వాసన వచ్చింది, తడిసిన కిక్కిస, ఎండ తగిలి ఆవిరి లేస్తున్న కిక్కిస. కాళ్ళకింద నేల మెల్లగా ఊగింది. ఎంతసేపు అలా ఉన్నానో తెలీదు. కళ్ళు తెరిచి చూసి, నిప్పు ముట్టుకున్నట్టు దాన్ని బల్ల మీద పెట్టేశాను. "శుక్రవారం ప్రార్థనలో పెట్టి చెబుతానండీ," అన్నాను. ఏది కూచుంది, ఎలా కూచుంది అన్నది ఇప్పుడడక్కు.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో సంగతి చెప్పాను. చీట్లు వేద్దామన్నాను. ఎందుకు వేయకూడదు? పన్నెండో అపొస్తలుడి చోటు ఖాళీ అయితే ఇద్దరు నిలబడ్డారు. ఇద్దరూ యోగ్యులే, ఇద్దరూ ఒకే బాటలో నడిచినవాళ్ళే. చీట్లు వేశారు, మత్తీయ పేరు వచ్చింది. దానిమీద గంటసేపు ప్రసంగించాను. కిటికీ అద్దాలు అదిరాయి. చిత్రమేవిటంటే, అరుస్తూ అరుస్తూనే నా మనసు ఆ రెండోవాడి వెనక వెళ్ళిపోయింది. చీటీలో పేరు రాని ఆ యోసేపు బర్సబ్బా ఆ సాయంత్రం ఏ వీధిన ఇంటికి నడిచి ఉంటాడు? ఎవరైనా అతని భుజం మీద చెయ్యి వేశారా? లేఖనం మళ్ళీ అతని ఊసెత్తదు.

నేనే రెండు చీట్లు రాసి, మడిచి, గ్లాసులో వేశాను. మన సువార్తమ్మగారి చేత తీయించాను, అదే, మీ ఇద్దరూ కలిసి నారు పీకిన సువార్తమ్మ. ఆవిడకి చదువు రాదుగా, తీసి నా చేతికిచ్చింది. విప్పి చదివాను. వెనకపిడి. "స్తోత్రం!" అన్నారందరూ. ముసలావిడ గ్లాసులోని రెండో చీటీ కూడా తీసి, "ప్రార్థనలో ఉన్న కాయితం పారెయ్యకూడదు నాయనా," అని కొంగున ముడేసుకుంది. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. శనివారం వెళ్ళి వెనకపిడి కొన్నాను. హిదాయతుల్లాగారు నా మొహంలోకి ఒకసారి చూసి, పెట్టెలో సర్ది ఇచ్చారు.

దాంతో పదకొండు రోజులు చేశాను. పన్నెండోరోజు అయిదో అంతస్తులో బాలాత్రిపురసుందరిగారని ఒకావిడ ఫ్లాటు. ముదినేపల్లిలో బడిపంతులమ్మగా చేసి రిటైరయ్యారు. దగ్గరుండి చేయించుకోవాలని స్టూలూ, ఫ్లాస్కూ తెచ్చుకుని కూచున్నారు. పొద్దున్నే కాఫీ పోసిచ్చారు. నేను మామూలుగా వాక్యం చెప్పుకుంటూ పని చేస్తున్నాను, ఆవిడ, "మీరు చెప్పండి, నేను వింటాను, నేను మారను," అని ముందే నవ్వుతూ చెప్పేశారు. ఆకాశం మూసుకుని, గాలి ఆగి, అంతా నిద్రపోతున్నట్టుంది. గడప మీద నిలబడి బయటి వైపు పై స్క్రూకి కన్నం వేస్తున్నాను. ఉన్నట్టుండి నా కుడిచెయ్యి లేదు.

అంటే ఉంది, కనపడుతోంది, గాని నాది కాదు. వేళ్ళు విచ్చుకున్నాయి. మిషను జారింది. కింద ఇద్దరాడవాళ్ళు ఇసుక జల్లిస్తున్నారమ్మా. ఒకావిడ ఎర్రచీర. ఆ ఎర్రచీర నడినెత్తి నాకు అంత ఎత్తునుంచి నాణెమంత కనిపించింది. ఇంతలో నా ప్రమేయం లేకుండా ఒక చెయ్యి ముందుకు వెళ్ళింది. గాలిలో ఉన్న మిషనుని నడుం దగ్గర, పొట్టకింద, పట్టేసుకుంది. నేను కిటికీ చట్రానికి ఆనుకుని దాన్ని చూస్తున్నాను. నా ఎడంచెయ్యి.

కింద వాళ్ళు తలెత్తను కూడా లేదు. జల్లెడ చప్పుడు అలాగే వినపడుతోంది. నేను లోపలికి దిగి నేల మీద కూలబడ్డాను. బాలాత్రిపురసుందరిగారు మంచినీళ్ళిచ్చి స్టూలు నా దగ్గరికి జరుపుకున్నారు.

"విశ్వాసంగారూ, ఒక్కమాట అడగనా అండీ?"

"అడగండమ్మా."

"ముప్ఫైరెండేళ్ళు ఒకటో తరగతి చెప్పానండీ. చెయ్యి మార్పించిన పిల్లలు నాకు ఇట్టే తెలిసిపోతారు. పొద్దున కాఫీ ఎడంచేత్తో అందుకున్నారు. స్క్రూ కిందపడితే ఎడంచేత్తో తీశారు. దేవుడి పేరెత్తినప్పుడు మాత్రం కుడిచెయ్యి లేపుతున్నారు, మిషనూ కుడిచేత్తోనే పడుతున్నారు. ఎవరికోసమండీ ఇదంతా?"

"మా అమ్మకోసమండీ." నోట్లోంచి అలా వచ్చేసింది.

"మీ అమ్మగారిక్కడ ఉన్నారా?"

"తాడేపల్లిగూడెంలోనండీ."

"మరింకేం! ఇంతెత్తున మిమ్మల్నెవరు చూస్తారండీ, నేనూ ఆ కొంగలూ తప్ప!"

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కంగారుపడి ఇంకో కాఫీ పోశారు. ఆ మాట నేను అంతకు ముందు విన్నాను. ఎక్కడ విన్నానో కూడా చెబుతాను. ముందు ఒక పాపం దించుకోనీ.

ఆ చీట్లు రెండూ ఒక్కటేనమ్మా. రెంటిమీదా వెనకపిడి అనే రాశాను. కొట్లో కళ్ళు మూసుకుని నిలబడ్డప్పుడు ముందుకెళ్ళింది ఎడంచెయ్యి, అందులో కూచున్నది నడిమిపిడి. అది కొంటే ఎడంచేత్తోనే పడతానని నాకు భయమేసింది. కుడిపార్శ్వం గురించి నేను చేసిన ప్రసంగం భీమడోలు దాకా పేరుపడింది. గొర్రెలు కుడివైపు పరలోకానికి, మేకలు ఎడమవైపు అగ్నిగుండానికి అని చెయ్యెత్తి గర్జిస్తే జనం ముందు వరసల్లోకి జరుగుతారు. అలాంటివాణ్ణి యాభైయేళ్ళొచ్చాక ఎడంచేతికి మిషను కొనుక్కోనా? ఇంకోటి కూడా ఉంది. ఎడంచేత్తో పనిచేస్తే నువ్వు పడిన కష్టం అంతా వమ్మయినట్టు. అందుకని దేవుడి నోట్లో నా మాట పెట్టాను. చదువురాని ముసలమ్మని వెతికి మరీ తీయించాను. అననీయ, సప్పీరా సంఘంలో అబద్ధమాడి అక్కడికక్కడే కూలిపోయారని ఎన్నిసార్లు చెప్పుంటాను! నేను స్తోత్రం చెప్పి, భోజనం చేసి, హాయిగా నిద్రపోయాను.

మొన్న ఆదివారం ప్రసంగం చెయ్యలేదు. మైకు ఆపించేసి మామూలు గొంతుతో చెప్పాను, రెండు చీట్లూ ఒకటేనని. నీ మనవరాలు ప్రీతి ముందు వరసలో మంచినీళ్ళ సీసా పట్టుకుని కూచుంది. తర్వాత అడిగితే, "అననీయలాగా పడిపోతావేమోనని నాన్నా," అంది. దానికన్నీ నీ పోలికలే. సువార్తమ్మగారు లేచి నిలబడి కొంగుముడి విప్పి ఆ చీటీ నా చేతిలో పెట్టింది.

"నాకు చదువు రాదని నాచేత తీయించావా నాయనా?"

"అవును మామ్మా."

"అయితే దేవుడు మాట్లాడ్డానికి సందే ఇవ్వలేదన్నమాట నువ్వు."

నేను మోకాళ్ళమీద పడ్డాను. ఆవిడ నా తలమీద చెయ్యివేసి, "ఆయన ఊరుకుంటాడా మరి! నువ్వు గ్లాసు మూసేస్తే కిటికీలోంచి మాట్లాడాడు. లే. మోకాళ్ళు అరిగిపోతే మీ అక్కలాగా కొత్తవి వేయించాలి," అంది. సంఘమంతా ఏడుస్తూ నవ్వింది.

సోమవారం హిదాయతుల్లాగారి దగ్గరికి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే ఆయన బల్లకింద నుంచి నడిమిపిడి తీసి పెట్టారు. అమ్మకుండా పక్కన ఉంచారట.

"ఆ రోజే చూశానండీ, ఏ చెయ్యి ముందుకొచ్చిందో. అడక్కూడదని ఊరుకున్నా. మా అమ్మ కూడా ఎడంచేత్తో ముద్ద ముడితే చేతిమీద కొట్టేదండీ. మీకూ మాకూ అక్కడొక్కచోట మాత్రం ఒకటే సిద్ధాంతం."

"వాడిన మిషను వెనక్కి తీసుకుంటారాండీ?"

"మా నదీమ్‌కి కాంక్రీటు పనేనండీ ఎప్పుడూ. వాడికి వెనకపిడే కావాలి. అక్కడ పెట్టి వెళ్ళండి."

కొడుకు చేతికి సరిగ్గా సరిపోయిందట. నాకు ఆ బర్సబ్బా గుర్తొచ్చాడు. అతనికీ ఎక్కడో ఒక చెయ్యి దొరికే ఉంటుంది, లేఖనం చెప్పకపోయినా.

ఇప్పుడు నీ పెన్సిలు వరస దగ్గరికి వచ్చాను.

గురువారం ఆసుపత్రికి వెళితే డాక్టరమ్మ నా మణికట్టు నొక్కి చూసి, లోపల నరం నలిగిందంది. ఇన్నేళ్ళు మిషను అదురు పట్టినందుకు. రాత్రిపూట పట్టీ వేసుకోమంది, కుడిచేతికి బరువు తగ్గించమంది, కుదురుతుందంది. నువ్వు కట్టేసినందుకా అని కూడా అడిగానమ్మా. ఆవిడ నవ్వి, "అదేం కాదండీ," అంది. నీకు అంతవరకు రాసి ఆపేస్తే బావుండేది. కాని గోడలదిరేలా సత్యం, సత్యం అని అరిచేవాణ్ణి. కుడిచెయ్యి నాకెప్పుడూ అద్దెయిల్లే. ఇంకొకడు ఒకింత బిగువుతో పట్టేచోట నేను మూడింతల బిగువుతో పట్టాను, జారిపోతుందేమోనని. ఆ బిగువు వల్ల కొంత జరిగే ఉంటుంది. ఆ కొంతలో నీ భాగం ఉందమ్మా. లేదని రాయను. కాని దాన్ని నీమీద మోపడానికీ రాయడంలేదు. ఎందుకో చెబుతాను.

నాకు ఆరేళ్ళు. మన కొల్లేటి లంకకి వచ్చే ఉపదేశిగారు, పిల్లవాడు ఎడమపార్శ్వపువాడవుతాడు, జాగ్రత్త అన్నారు. నువ్వు రాత్రంతా నిద్రపోలేదని నాన్న తర్వాత చెప్పాడు. పొద్దున్న స్నానం చేయించి, నీ నీలంచీర అంచు చించి, నా ఎడంచేతిని మొలతాడుకి కట్టావు. కడుతూ ఏడ్చావు. నీ కన్నీళ్ళు నా బొడ్డుమీద పడి చక్కిలిగింత పెట్టాయి, నేను నవ్వాను. సాయంత్రం స్నానానికి ముందు కూచుని, ముడిని పళ్ళతో లాగి లాగి విప్పేదానివి. నీ ఊపిరి నా మణికట్టుకి వెచ్చగా తగిలేది. నాలుగేళ్ళు అలా. ఆ ఉపదేశిగారు ఏహూదు కథ చదవలేదేమో! శత్రురాజుని కూల్చి జనాన్ని విడిపించినవాడు ఎడంచేతివాడే. గురితప్పని ఆ ఏడువందలమంది వడిసెలవాళ్ళూ ఎడంచేతివాళ్ళే. నేనైనా చదివి చదివి అక్కడ మాత్రం గొంతు తగ్గించి, పేజీ తిప్పేసేవాణ్ణి.

ఇక నీకు నలభైనాలుగేళ్ళుగా చెప్పనిది.

మధ్యాహ్నం నాన్న చేపలకి పెట్టిన మావులు ఎత్తడానికి వెళుతూ నన్ను దోనెలో ఎక్కించుకునేవాడుగా. రేవు దాటి, కిక్కిస అడ్డం వచ్చి మన ఇల్లు కనపడకుండా పోగానే, తెడ్డు పక్కనపెట్టి నా ముడి విప్పేసేవాడు. "ఇక్కడెవడు చూస్తాడ్రా, కొంగలు తప్ప!" అనేవాడు. నాకోసం ఒక చిన్న తెడ్డు చేశాడు. పట్టుకునేందుకు దాని నడుం దగ్గర అడ్డంగా ఒక కర్ర బిగించాడు. అది నా ఎడంచేతి గుప్పిట్లో ఎంత సరిపోయేదంటే, చెయ్యే తెడ్డుగా మొలిచినట్టుండేది. ఆయన కుడివైపు, నేను ఎడమవైపు. దోనె తిన్నగా వెళ్ళేది. నీళ్ళు అద్దంలా ఉంటే ఆకాశంలోనే పోతున్నట్టుండేది, మా కింద కొంగలు, మా పైన కొంగలు. గూడబాతులు దారి ఇచ్చేవి. హిదాయతుల్లాగారి కొట్లో నా చేతిలో కూచున్నది ఆ తెడ్డమ్మా. వచ్చిన వాసన అదే. తిరిగొచ్చేటప్పుడు రేవు కనపడకముందే నాన్న మళ్ళీ చెయ్యి కట్టేసేవాడు. "మీ అమ్మకి చెప్పకు. అది నీకోసమే ఏడుస్తోంది," అనేవాడు. చెప్పలేదు. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళి పదకొండేళ్ళయినా చెప్పలేదు. నువ్వు కట్టిన నాలుగేళ్ళూ నేను రోజుకో పూట విడుదలలోనే ఉన్నాను. అంచేత నువ్వనుకుంటున్నంత కాలం నా చెయ్యి కట్లలో లేదు. ఈ మాట ముందే చెప్పుంటే నీకీ పెన్సిలు వరస రాయాల్సిన పని ఉండేది కాదు. నన్ను క్షమించు.

ఇక్కడినుంచి అక్షరాలు వంకరపోతాయి. భయపడకు. కలం ఎడంచేతికి మార్చాను. ఒకటో తరగతి పిల్లవాడిలా నాలుక బయటపెట్టి రాస్తున్నానని ప్రీతి నవ్వుతోంది. ఒక్కో అక్షరానికీ చాలాసేపు పడుతోంది. అక్షరానికీ అక్షరానికీ మధ్య నాకు సాయంత్రాలు కనిపిస్తున్నాయి. అరుగు, స్నానానికి పెట్టిన బకెట్టు, నువ్వు.

ఆగమ్మా.

పైన రాశాను, పళ్ళతో లాగి లాగి విప్పేదానివని. నువ్వు కట్టేది జారుముడి కదూ. ఒక్క లాగుతో ఊడే ముడి. నాకు నొప్పి కలగకూడదని అదే వేసేదానివి. నాన్నకి ఒక్కటే ముడి వచ్చు. వలముడి. తడిస్తే చేతులకి లొంగదు, పళ్ళే కావాలి. నువ్వు వలలల్లే ఇంట్లో పుట్టినదానివి. పొద్దున నువ్వు జారుముడి వేశావు. సాయంత్రం పళ్ళతో వలముడి విప్పావు. అది ఎవరి ముడో నీకు తెలియదా?

నాలుగేళ్ళు. ఒక్కరోజూ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న మళ్ళీ జారుముడే వేశావు.

నువ్వు నన్నడిగిన ప్రశ్నకి నా జవాబు ఇదేనమ్మా. అక్క నడవడం మొదలుపెట్టగానే పాసింజరెక్కి వచ్చెయ్యి. వట్లూరు అయిదో అంతస్తుకి లిఫ్టు పెట్టేశారు. బాలాత్రిపురసుందరిగారి కిటికీ దగ్గర నిలబెడతాను. ఆ తెల్లగీత కొల్లేరో, మబ్బో నువ్వు చూసి చెప్పు.

ఇట్లు,
నువ్వు కట్టి, తెలిసీ విప్పనిచ్చిన చేత్తో,
నీ కొడుకు
విశ్వాసం